జీడిగింజతో పెట్టిన టీకా మచ్చ

ఆ సోమవారం పొద్దున మా పార్వతి సంగటి ముట్టలేదు. నడుము నొప్పి అంది. ఎనిమిదేళ్ల పిల్లకు నడుము నొప్పేమిటని విసుక్కున్నాను. మధ్యాహ్నానికి ఒళ్లు కాలిపోతోంది.

మూడో రోజు ముఖం మీద పొక్కులు లేచాయి. సోమందేపల్లెలో బస్సెక్కించి పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. డాక్టరు పిల్ల చేతిమీద మచ్చ చూశాడు.

"టీకా పడింది కదమ్మా. చికెన్‌పాక్స్ అయ్యుంటుంది, ఇంటికి తీసుకెళ్లు" అన్నాడు. నేను తలూపాను.

ఆ మచ్చ టీకాది కాదు. మా తమ్ముడు పెట్టింది. చాకళ్లు బట్టలకు గుర్తు పెట్టే జీడిగింజ రసం చర్మాన్ని కాల్చి గుండ్రటి మచ్చ వేస్తుంది. అది చూసి, ఇంటింటికీ తిరిగే మశూచి టీకాలవాళ్లు వెళ్లిపోతారు. తమ్ముడు టీకామందు తయారుచేసే ల్యాబులో ఆరేళ్లు పనిచేసిన సైంటిస్టు. పైవాళ్లతో గొడవపడి మానేసి మా ఇంటికి చేరాడు. టీకా రక్తాన్ని చెడగొడుతుందని ఊరూరా సభలు పెట్టేవాడు. మైక్రోస్కోపులో ఏదో చూపించేవాడు. అందరికంటే ముందు నమ్మింది నేనే. వాడి చదువంటే నాకంత గొప్ప.

ఇంటికి పోబుద్ధి కాలేదు. ఆసుపత్రి వరండాలోనే ఉండిపోయాను. కూర్చోలేను, నిలవలేను. నిజం చెబితే తమ్ముణ్ణి జైల్లో వేస్తారేమో. చెప్పకపోతే? ఇంట్లో పది నెలల చంటివాడున్నాడు, నిన్నటిదాకా అక్క పక్కనే పడుకున్నాడు. తెల్లారేసరికి పొక్కులు అరచేతుల్లోకి, అరికాళ్లలోకి దిగాయి. ఇక ఆగలేక డాక్టరుకు అంతా చెప్పేశాను.

ఆయన తిట్టలేదు. ఇంట్లో పసివాళ్లున్నారా అని మాత్రం అడిగాడు. "ఇది స్మాల్‌పాక్స్, మశూచి. మీ చంటివాడికి ఈ రోజే టీకా వేస్తే బతికించుకోవచ్చు" అన్నాడు. పార్వతిని ఐసొలేషన్ వార్డులో చేర్చుకున్నారు. నాకు అక్కడే టీకా వేసి, వ్యాక్సినేటరుతో జీపులో ఇంటికి పంపారు.

గడపలో తమ్ముడు చంటివాణ్ణి ఎత్తుకుని నిలబడ్డాడు.

"అక్కా, నువ్వు బెదిరిపోయినావు. ఆ మందులో ఏముండాదో నాకు తెలుసు. నా చేతుల్తో చేసినోన్ని."

"నీకు తెలిసింది పార్వతికి పనికిరాలేదప్పా. బిడ్డనిట్లియ్యి."

వాడు ఇవ్వలేదు. నేనే లాక్కున్నాను.

చంటివాడికి రెండు రోజులు జ్వరం వచ్చి పోయింది, అంతే. పార్వతి అయిదు వారాలు వార్డులో ఉంది. మధ్యలో కన్ను ఎర్రబడితే కార్నియల్ అల్సర్, నల్లగుడ్డు మీద పుండు అన్నారు. ఎడమ కన్ను దక్కలేదు. ఇప్పుడు ఆరో తరగతి చదువుతోంది, పుస్తకం పక్కకు తిప్పి పట్టుకుంటుంది. తమ్ముడు ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. గుత్తి వైపు ఇంకా సభలు పెడుతున్నాడట. వాడు గుర్తొస్తే అన్నం సహించదు. కానీ వాడి మీదకంటే నామీదే నాకు కోపమెక్కువ.

చదివేవారికి ఒక్కటే చెబుతాను. చేసిన పని ఎంత సిగ్గుచేటైనా డాక్టరుకు మొదటి మాటలోనే చెప్పేయండి. నేను ఒక రాత్రి దాచాను. ఆ రాత్రి వరండాలో కొత్తచెరువు నుంచి వచ్చిన ఒక బాలింత, చలికి వణుకుతున్న పార్వతిని తన బిడ్డతోపాటు ఒకే దుప్పట్లో పడుకోబెట్టుకుంది. తెల్లారి నేను డాక్టరు దగ్గరి నుంచి వచ్చేసరికే ఆమె బస్సెక్కి వెళ్లిపోయింది. నేను ఆమె పేరు కూడా అడగలేదు. ఆ బిడ్డ ఏమైందో నాకు ఇప్పటికీ తెలియదు.