డేలియా దుంపలు

మా అత్తగారు నన్నన్న మాటల్లో ఒక్కటీ నేను మరిచిపోలేదు. మొదటిది అరవై ఏడులో, నరసన్నపేటలో నేను ఆవిడ గుమ్మం దాటకముందే పడింది. విజయనగరంలో మా నాన్న పెంచే డేలియా దుంప ఒకటి మట్టికుండలో పూడ్చుకుని కాపరానికి వచ్చాను. ఆవిడ తొంగి చూసి, "సారె తెస్తాదనుకుంటే మట్టి తెచ్చిందేటి?" అన్నారు.

ఆ చలికాలం పళ్ళెమంత ఎర్రటి పువ్వు పూసింది. వీధంతా వచ్చి చూసి వెళ్ళింది. అత్తగారు మాత్రం, "వాసన్లేదు, జడలో ఇమడదు. దేవుడికీ అక్కర్లేదు. ఏటి పువ్వే ఇది?" అన్నారు. మధ్యాహ్నం ఎండ తగలకుండా కుండీని నీడకు జరిపేది మాత్రం ఆవిడే. నేను చూడనట్టే ఊరుకున్నాను. చూస్తే మెచ్చుకోవలసి వస్తుంది.

డేలియా మన ఎండకి ఆగదు, వానకి కుళ్ళిపోతుంది. అత్తగారు కూతురి పురిటికని కళింగపట్నం వెళ్ళినప్పుడు, మొక్క ఎండిపోగానే తవ్వి చూశాను. ఒక్క దుంప గుత్తి అయింది. పొడి ఇసుక పోసిన కుండలో పూడ్చి వంటింటి మూల దాచాను. వానలు తగ్గాక మళ్ళీ నాటాలి.

తొలి ఏకాదశినాడు ఆవిడకి ఉపవాసం. సంతలో చిలగడదుంపలు దొరికే రోజులు కావు. నేను నూతి దగ్గర్నుంచి వచ్చేసరికి ఆవిడ పీట మీద కూర్చుని ఉడికిన దుంప తొక్క తీసుకుని తింటున్నారు. పక్కనే ఇసుక కుండ బోర్లించి ఉంది.

"సిలగడదుంపలు దాసినావా? సెప్పవేటే? సప్పగా ఉన్నాయి, కాస్త బెల్లం ఇలా తే."

"అత్తా, అవి నా పూల దుంపలు! అన్నీ ఉడకేసినావా?"

నోట్లో ముక్క మింగాలో ఉమ్మాలో తెలియక ఆవిడ నన్నే చూశారు. చివరికి మింగారు. "పువ్వుకి దుంపేటే, నీ మొహం!"

మూడు రోజులు ఆ ఖాళీ కుండని ఆవిడ కంటపడేలా బోర్లించినచోటే ఉంచాను. నాలుగోనాడు పొద్దున్నుంచి ఆవిడ ఇంట్లో లేరు.

పిలవకుండా కోడలి పుట్టింటికి వెళ్ళి చెయ్యి చాపడం మగపెళ్ళివారికి తలవంపు. ఆవిడ ఒక్కర్తీ బస్సెక్కి విజయనగరం వెళ్ళి, మా అమ్మనడిగి, కొంగున మూడు దుంపలు కట్టుకొచ్చారు.

"మీ యమ్మ నవ్విందే," అన్నారు మూట విప్పుతూ. "కోడలు పంపిందా అనడిగింది. కాదమ్మా, నానే తినీసినానని సెప్పినాను. ఇంక సాలా?"

చాలదన్నాను. కొత్త ఇసుక జల్లించి ఇమ్మన్నాను. నన్ను తిడుతూనే జల్లించారు.