రేకుల కింద గాలి

హైవే పక్కన మా వెల్డింగ్ షాపు. గేట్లు, కిటికీ గ్రిల్లులు, రేకుల షెడ్లు చేస్తాం. బడి చదువు పదో తరగతితో ఆగింది కానీ, జహీరాబాద్ గ్రంథాలయంలో నాకొక కుర్చీ ఉందని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాను. దాని మీద నా పేరేమీ లేదు. షాపు మూసి వెళ్లేసరికి ఖాళీగా ఉంటుంది, అంతే. నాకొచ్చిన విద్యలో సగం ఆ కుర్చీలోనే వచ్చింది.

ఒక ఎండాకాలం మొదట్లో ఝరాసంగం వైపు నుంచి ఒక పెద్దమ్మ షాపుకు వచ్చింది. అల్లం పండించే మనిషి. కిందటేడు గాలివానకు ఆమె షెడ్డు రేకులు ఎగిరిపోయి, కింద దాచిన విత్తనం అల్లం నాని కుళ్లిపోయింది. ఆ ఏడు చేను సగం బీడు పడింది.

"ఈసారి గూడ గట్లనే అయితే అల్లం మానుకునుడే బిడ్డా. నువ్వు కట్టేది నిలుస్తదా లేదా, సాఫ్‌గ చెప్పు."

నిలుస్తదని నోటిదాకా వచ్చింది. పాత షెడ్డు కట్టినవాళ్లూ అదే మాట చెప్పి ఉంటారు. "జర టైమియ్యి పెద్దమ్మా, లెక్క చేసి చెప్త" అన్నాను.

"గాలికి లెక్క ఏందిరా? రేకుల మీద నాలుగు బండరాళ్లు ఎక్కువ పెట్టు!"

మా వైపు అందరం చేసేది అదే. రాళ్లు, ఇసుక సంచులు, పాత టైర్లు. రేకుల మీద ఎంత బరువుంటే అంత భద్రం అనుకుంటాం.

భవనాల మీద గాలి భారం ఎలా లెక్కగట్టాలో చెప్పే ప్రమాణాల పుస్తకం ఒకటి ఉందని ఎక్కడో చదివాను. గ్రంథాలయం మేడమ్‌ను అడిగితే నవ్వకుండా, ఎందుకని ఎదురడగకుండా, జిల్లా గ్రంథాలయం నుంచి తెప్పించి ఇచ్చారు. ఇంగ్లిషు పుస్తకం. పక్కన నిఘంటువు పెట్టుకుని, ఒక్కో పేజీతో కుస్తీ పట్టాను. గాలి వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలవుతుందని తెలిసిన సాయంత్రం ఇంటికి నడుస్తుంటే లారీల గాలి కూడా కొత్తగా తగిలింది. గాలి కప్పును కిందికి నొక్కడమే కాదు, పైకి లాగుతుంది కూడా. అంచుల దగ్గర మరీ ఎక్కువగా లాగుతుంది. మేం ఇన్నాళ్లూ షెడ్డు కూలుతుందేమోనని భయపడ్డాం, లేస్తుందేమోనని ఎన్నడూ అనుకోలేదు. ఎవరో ఏళ్ల తరబడి గాలిని కొలిచి, దాన్ని పట్టికల్లో పెట్టి, నాలాంటివాడి చేతికి కూడా అందేలా చేశారు. వాళ్లెవరో తెలియదు. మనసులోనే దండం పెట్టుకున్నాను.

మా ప్రాంతపు గాలి వేగం, షెడ్డు ఎత్తు, చుట్టూ ఉన్న ఖాళీ పొలం అన్నీ లెక్కలోకి తీసుకుని, ఒక్కో స్తంభాన్ని గాలి ఎంత పైకి గుంజుతుందో తేల్చాను. అంతకు మించిన బరువు కాంక్రీటు రూపంలో స్తంభం అడుగున గుంతలో ఉండాలి. నాలుగు వైపులా తెరిచి ఉన్న షెడ్డు కాబట్టి పట్టికలో ఆ వరుస తీసుకున్నాను. సంబరం పట్టలేక మేడమ్‌కు చూపించాను. ఆమెది న్యాల్‌కల్ వైపు ఊరు, వాళ్లింట్లోనూ అల్లం పండించేవాళ్లు.

"అల్లం సంచులు ఏడ పెడ్తరు?" అన్నారు మేడమ్.

"షెడ్డులనే."

"మా ఇంట్ల జల్లు కొట్టకుండ పడమటి దిక్కు రేకు దాక పేర్చేటోళ్లు. గప్పుడు అది తెరిసిన షెడ్డేనా?"

సంచులు అడ్డంగా నిలిస్తే లోపలికొచ్చిన గాలికి దారుండదు, కప్పునే ఎత్తుతుంది. పట్టికలో దానికి వేరే వరుస ఉంది. నేనే దాన్ని దాటేశాను. మళ్లీ లెక్క వేస్తే గుంతలు చాలా పెద్దవి తవ్వాలని తేలింది.

గుంతల కోసం నేల మీద నేను పోసిన ముగ్గు గీతలు చూసి పెద్దమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "షెడ్డు కడ్తున్నవా, బాయి తవ్వుతున్నవా?"

"సంచులు సగం దాకనే పేరిస్తే చిన్న గుంతలు చాలు పెద్దమ్మా."

"జల్లుకు విత్తనం తడిస్తే నీ పుస్తకం ఆరబెడ్తదా? పైదాకనే పేరుస్తం. తవ్వుడు మాది, పో."

ఇంటివాళ్లందరితో కలిసి ఆమే పలుగు పట్టింది. అంచుల్లో బోల్టులు దగ్గర దగ్గరగా బిగించాను. రేకుల మీద ఒక్క రాయి పెట్టనివ్వలేదు. రేకు లేస్తే ఆ రాయే మనిషి మీద పడుతుందని చెప్పినా, పెద్దమ్మ దానికే ఎక్కువ గొడవపడింది.

విత్తనం వేసే ముందు ఒక సాయంత్రం గాలిదుమారం వచ్చింది. హైవే మీద బోర్డులు పడిపోయాయి. పెద్దమ్మ దగ్గర్నుంచి ఫోను రాలేదు, భయంతో నేనూ చేయలేదు. తెల్లవారగానే వెళ్లాను.

షెడ్డు నిలబడి ఉంది. సంచులు పైదాకా పేర్చే ఉన్నాయి, పొడిగా. పడమటి స్తంభం మొదట్లో మాత్రం మట్టి చుట్టూ సన్నగా పగిలింది. గాలి నిజంగానే గుంజి చూసింది. ఆ పగులు ముందు కూర్చుని, మేడమ్ ఆ ఒక్క మాట అడగకపోతే ఏమయ్యేదో అనుకున్నాను.

పెద్దమ్మ అప్పటికే సంచి విప్పి, విత్తనం ముక్కలు తుంచుతోంది. నాకూ ఒక కొమ్ము అందించింది.

"ఉత్తగ కూసునుడేంది? తుంచు. ముక్కకో మొలక ఉండాలె, జర చూసి తుంచు."

తుంచాను. నేను తుంచిన నాలుగో ముక్కో ఐదోదో ఆమె చేతిలోకి తీసుకుని, మొలక చూసి, తన కుప్పలోనే వేసింది.