చుట్టాల కూలర్

మా అబ్బాయి ఫోన్‌లో కొనదలచిన వస్తువులను దాచుకుని రోజూ చూసుకుంటాడు. చూస్తే నాకు రోత. నా చిన్నప్పుడు సిరోంచలో మా బాపు ఏళ్లతరబడి ఆశపడి చంద్రపూర్ నుంచి కూలర్ తెచ్చాడు. ప్లాస్టిక్ కవర్ తీయకుండానే బొట్టు పెట్టి నిలబెట్టాడు.

ఎండలకు నాయనమ్మ తడిగుడ్డ కప్పుకునేది.

“జర గా కూలర్ పెట్టరా, పానం పోతంది.”

“సుట్టాలొస్తే పెడ్తనే అమ్మా. ఖరాబైతది.”

“నేను గూడ నాలుగొద్దుల సుట్టాన్నేరా,” అని నవ్వింది.

కూలర్‌లో గాలి కొంతే ఉంటుందని, దాన్ని చుట్టాల కోసం దాస్తున్నారని నేననుకునేవాణ్ణి.

ఆ ఎండల్లోనే నాయనమ్మ పోయింది. అహేరి నుంచి చుట్టాలొచ్చారు. బాపు కవర్ చించి కూలర్ పెట్టాడు. సాయంత్రం దాకా తిరిగినా గాలి అయిపోలేదు. శవాన్ని వదిలి అందరూ కూలర్ ముందుకు జరిగారు.

“మంచిగొస్తంది బావా, యాడ దెచ్చినవ్?” అని ఒకాయన అడిగాడు.

బాపు ఏడుపు ఆపి, కాస్త గర్వంగానే దుకాణం పేరు చెప్పాడు.