సైరన్ బావ నడుం విరగని విహారం

ఊరందరికీ ఆయన సైరన్ బావ. ఉద్యోగమంతా అంబులెన్సు నడపడంతోనే గడిచింది మరి. రిటైరయ్యాక ఇంట్లో చేతులు ఊరుకోవు. కంచాన్ని కూడా స్టీరింగులా తిప్పుతుంటే చూడలేక, భార్య తన తమ్ముడి చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. ఆ తమ్ముడిది ద్రాక్షతోటల్లో టూరిస్టులను తిప్పే వ్యాపారం. పోరు పడలేక బండి నడిపే పని బావకి ఇచ్చాడు. కొండవాలు చూస్తూ తాపీగా సాగాలి, వైన్ పీపాలుండే నేలమాళిగ దగ్గర ఆగి ఓ గుక్క రుచి చూడాలి, మళ్ళీ కదలాలి. 'తొందర లేని ప్రయాణం' అని బండి మీదే రాసుంటుంది.

తొందర లేకపోవడమట, ఎవరికి చెబుతారండీ ఆ మాట? మొదటిరోజే సైరన్ బావ కొండంతా చుట్టేసి, టిఫిన్ వేళకల్లా అందరినీ దించేశాడు. టోపీలు మాత్రం తోటలోనే ఉండిపోయాయి. మర్నాడు ఒకావిడ గ్లాసులోని వైన్ ఎదుటాయన చొక్కా తాగింది.

"బావా, ఇంకొక్క ఫిర్యాదు వచ్చిందంటే తాళాలు ఇచ్చెయ్యి. రేపు నేనూ ఎక్కుతున్నా," అన్నాడు బావమరిది.

ఆ పూట సైరన్ బావకి అన్నం సయించలేదు. బండి పోతే తను ఎందుకూ కొరగాకుండా పోతానని భయం.

"నడుం విరిగిన పేషెంటుని ఎలా తీసుకెళ్ళేవారు?" అని భార్య అడిగింది.

"గుంత ఉందన్న సంగతే తెలియనిచ్చేవాణ్ణి కాదు."

"రేపు అందరికీ నడుం విరిగిందనుకోండి."

అనుకున్నాడు. బండి పడవలా సాగింది. ద్రాక్షతీగలకి ఆకులు కూడా ఉంటాయని బావమరిదికే ఆరోజు తెలిసింది. దారిలో ఊరికే దొరికిన వైన్ రుచులన్నీ చూసి, చివరికి వెనకసీట్లో నోరు తెరుచుకుని వాలిపోయాడు. సైరన్ బావ అద్దంలో అది చూశాడు. మిగతావాళ్ళకి నడుమే విరిగింది, ఇతనికి స్పృహ కూడా లేదాయె! ఇక చేతులు తమ పని తాము చేసుకుపోయాయి.

బండి ఆసుపత్రి ఎమర్జెన్సీ గుమ్మం ముందు ఆగింది. "స్ట్రెచర్," అన్నాడు. పాతమనిషి మాట నర్సులు కాదంటారా? బావమరిది లోపలికి వెళ్ళిపోయాడు. ఇదింకో వైన్ మాళిగ కాబోలనుకుని టూరిస్టులూ దిగారు. ఒక పెద్దాయన స్పిరిట్ దూది వాసన చూసి, "ఇది కాస్త ఘాటు రకం," అని మెచ్చుకున్నాడు.

కాసేపటికి బావమరిది చేతికి సెలైన్ సూదితో లేచి కూర్చున్నాడు. చుట్టూ చూశాడు. సంగతి అర్థమైంది.

"తాళాలు, బావా."

సైరన్ బావ తలొంచుకుని ఇచ్చేశాడు. ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడు టూరిస్టుల్లో ఒక ముసలావిడ ముందుకొచ్చింది. "రేపు కూడా నాకు సీటుంచండి. నాకు నిజంగానే నడుం నొప్పి. ఏ బండెక్కినా ప్రాణం పోతుంది, ఇవాళ నొప్పి మాటే మర్చిపోయాను. ఈయన నడిపితేనే సుమా." వెనకున్నవాళ్ళు కూడా తలలూపారు.

బావమరిది తాళాలవైపు చూశాడు, బావవైపు చూశాడు. "సరే. కానీ అక్క పక్కన కూర్చుని దారి చెప్పాలి," అన్నాడు.

ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ మొగుడి బండి ఎక్కలేదు. ఎక్కే అవసరం రాకూడదనే కోరుకునేది. మర్నాడు ఇస్త్రీ చీర కట్టుకుని ముందుసీట్లో కూర్చుంది. దారి చీలినచోట, "కుడికెళ్తే ఆసుపత్రి. మనం ఎడమకి," అంది.

ఆయన ఎడమకి తిప్పాడు. ఆరోజు మెల్లగా నడపడానికి, ఎవరి నడుమో విరిగిందనుకోవాల్సిన పని పడలేదు.