మిల్లు వెంకటరత్నం గారు ఎత్తిన ఎర్ర జెండా

1986 జూన్‌లో నాకు ములకలపల్లి దగ్గర గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయినిగా పోస్టింగ్ వచ్చింది. ఆశ్రమ పాఠశాల అంటే పిల్లలు అక్కడే ఉండి, తిని, చదువుకునే బడి. పి.ఇ.టి. అని మమ్మల్ని పిలిచేవాళ్ళు. పొద్దున డ్రిల్లు, సాయంత్రం ఆటలు, మధ్యలో ఎవరికైనా జ్వరం వస్తే దవాఖానాకు తీసుకుపోవడం కూడా మా పనే. ఖమ్మం పక్కన ఖానాపురం హవేలిలో పుట్టి పెరిగినదాన్ని, నాకు అడవి కొత్త. బడి వెనుక కంచె దాటితే టేకు చెట్లే.

బడికి ఉన్న ఆట సామాన్లు ఒక షాట్‌పుట్ గుండు, రెండు డిస్కస్‌లు, చిరిగిన వాలీబాల్ నెట్, ఒక స్టీలు టేపు. లాంగ్ జంప్‌కు గుంట మేమే తవ్వుకున్నాం. వాగు నుంచి బండి మీద ఇసుక తెప్పించాం. హైజంప్‌కు పరుపులు లేవు. ఏం చెయ్యాలా అని చూస్తుంటే ఒకరోజు ఊక నింపిన గోనె బస్తాలు వేసుకొని ఒక బండి వచ్చింది. వెనకాలే సైకిల్ మీద, గొడుగు హ్యాండిల్‌కు తగిలించుకొని, ఒక పెద్దమనిషి వచ్చారు.

"వీటి మీద పడితే దెబ్బ తగలదండీ. వానకు తడవనివ్వకండి, ఊకలో మిగిలిన గింజలు మొలకలొస్తాయి," అన్నారాయన.

ఆయనే వెంకటరత్నం గారు. ములకలపల్లిలో బియ్యం మిల్లు నడిపేవారు. వాళ్ళ నాన్న కృష్ణా జిల్లా నుంచి కల్లూరు వచ్చి పొలం కొన్నారట. అన్నదమ్ములు పొలం చూసుకుంటే ఈయన మిల్లు చూసుకునేవారు. మా పిల్లలకు ఆయన 'మిల్లు తాత'. వారానికోసారి వేరుశనగలు, బెల్లం పంపేవారు. పిల్లలు సాధన చేస్తుంటే కంచె బయట సైకిల్ ఆనించుకొని నిలబడి చూసేవారు.

ఆయనకు లోకంలో ఒకటే పిచ్చి, ఒలింపిక్స్‌లో ఆడే ఆటలు. ఆడింది లేదు, చూడడమే. అంతకు ముందు వినడమే. రేడియోలో హాకీ వింటూ, అంపైర్ ఇవ్వని ఆఫ్‌సైడ్ ఈయన మిల్లు అరుగు మీద కూర్చొని ఇచ్చేవారు. తర్వాత మిల్లు కప్పు మీద పొడుగాటి ఇనుప గొట్టం ఎత్తి యాంటెన్నా కట్టించి టీవీ పెట్టారు. గాలి ఎటు వీస్తే బొమ్మ అటు వంగేది. ఆ వంగిన బొమ్మలోనే ఆయనకు అన్ని దేశాల జడ్జీల తప్పులు కనపడేవి.

వెయిట్‌లిఫ్టింగ్‌లో ముగ్గురు జడ్జీలుంటారు. ఇద్దరు తెల్లలైటు వేస్తే ఎత్తినట్టు, ఇద్దరు ఎర్రలైటు వేస్తే ఎత్తనట్టు. "ఆ కుర్రాడి మోచెయ్యి ఎక్కడ వంగిందండీ? ఎర్రలైటు వేసినవాళ్ళకు కళ్ళలో పొర వచ్చుండాలి," అనేవారు. జిమ్నాస్టిక్స్‌లో అయితే ఏ దేశం జడ్జి ఏ దేశం పిల్లకు మార్కులు కోస్తాడో ముందే చెప్పేవారు. నడక పందెంలో ఒక పాదం ఎప్పుడూ నేల మీద ఉండాలన్నది నియమం, లేస్తే జడ్జి తప్పిస్తాడు. "అంత వేగంగా పోతుంటే పాదం లేచిందో లేదో ఎవడికి కనపడిందండీ? నచ్చనివాణ్ణి తప్పించేశాడు, అంతే!"

నేను జిల్లా స్థాయి పోటీల్లో అఫీషియల్‌గా చేసేదాన్ని. అఫీషియల్ అంటే టైము చూసేవాళ్ళు, కొలిచేవాళ్ళు, జెండా ఎత్తేవాళ్ళు. కాబట్టి ఆయన మాటలు నాకు కొంచెం గుచ్చుకునేవి. ఒక్కోసారి వాదించేదాన్ని. ఆయన తగ్గేవారు కాదు.

ఒక ఏడు ప్రపంచ స్థాయి పోటీల్లో లాంగ్ జంప్ ఫలితం వచ్చింది. పోటీ జరిగిన దేశం వాడికే మూడో స్థానం. టీవీలో ఆ దూకుడు ఒక్క క్షణం చూపించారు. మర్నాడు సాయంత్రం వెంకటరత్నం గారు కంచె దగ్గరకు వచ్చీరాగానే, "అది అంత దూరం లేదమ్మా! కొలతలో మోసం జరిగింది," అన్నారు.

"అక్కడ మిషన్లు పెట్టి కొలుస్తరు సార్. మీ టీవీ బొమ్మ వంకరగా ఉండి మీకట్ల కనిపించింది," అన్నాను.

"బొమ్మ వంకరైతే అందరి దూకుడూ వంకరే కదండీ. వీడిదొక్కటే ఎందుకు పొడుగైందీ?"

కొన్ని నెలల తర్వాత పేపర్లో వచ్చింది. ఆ కొలత తప్పని తేలిందట. పతకం వెనక్కి తీసుకున్నారట. పేపరు పట్టుకొని బడికి వచ్చి, పిల్లలందరికీ మైసూరుపాకు పంచిపెట్టారు. ఆ రోజు నుంచి ఆయనకు ఈ భూమ్మీద ఏ జడ్జి మీదా నమ్మకం లేకుండా పోయింది. ఏ ఫలితం వచ్చినా, "కొలిచినవాడు ఎవడు?" అని అడిగేవారు.

ఒకరోజు విసుగొచ్చి అన్నాను, "అరుగు మీద కూసొని చెప్పుడు అల్కనే సార్. జెండా చేతిల పట్టుకొని కూసుంటే తెలుస్తది."

ఆయన "పట్టుకోమంటే పట్టుకుంటానండీ," అన్నారు.

నేను ఆ మాట వదల్లేదు. ఆ చలికాలం ఖమ్మంలో జిల్లా పాఠశాలల అథ్లెటిక్స్ పోటీలు. ఎప్పుడూ అఫీషియల్స్ తక్కువే. ఆటల మీద అవగాహన ఉన్న బయటివాళ్ళను నిర్వాహకుల అనుమతితో తీసుకోవచ్చు. ఆయన పేరు ఇచ్చాను. మా ఇంట్లో రెండు సాయంత్రాలు కూర్చోబెట్టి నియమాలు చెప్పాను. ఆయనకు నాకంటే ఎక్కువే తెలుసు. తెలియందల్లా నోరు మూసుకొని కూర్చోవడం. అదే ఎక్కువసార్లు చెప్పాల్సి వచ్చింది.

ఆ ఏడు మా బడి ఆశ అంతా తొమ్మిదో తరగతి సోడె ముత్తమ్మ మీద ఉండేది. ములకలపల్లి లోపలి గూడెం పిల్ల. వాళ్ళమ్మానాన్నా ఇప్పపువ్వు, తునికాకు ఏరుకుంటూ, కొంచెం జొన్న వేసుకొని బతికేవాళ్ళు. ముత్తమ్మ పరిగెత్తుతుంటే పాదాల చప్పుడు వచ్చేది కాదు. లాంగ్ జంప్‌లో జిల్లాలో మొదటి స్థానం వచ్చినవాళ్ళే రాష్ట్ర పోటీలకు పోతారు. అక్కడ నిలబడితే పై చదువుకు, ఉద్యోగానికి దారి దొరుకుతుంది. అంతదాకా మా బడి నుంచి ఒక్కరు కూడా పోలేదు.

వెంకటరత్నం గారికి మొదట అబ్బాయిల షాట్‌పుట్ దగ్గర డ్యూటీ వేశారు. సొంత ఊరి బడి పోటీలో ఉన్నచోట వెయ్యకపోవడం మా పద్ధతి. కానీ అమ్మాయిల లాంగ్ జంప్‌లో బోర్డు దగ్గర ఉండాల్సిన మాస్టారు కడుపునొప్పితో పడుకున్నారు. రెఫరీ, అంటే ఆ పోటీకంతటికీ పెద్ద, సీనియర్ పి.డి., అంటే ఫిజికల్ డైరెక్టర్, ఒకరు. ఆయన వెంకటరత్నం గారిని అటు రమ్మన్నారు. నేను పోయి, ఈయన మా ఊరివారు సార్ అని చెప్పాను. రెఫరీ మిగతా బడుల టీచర్లను అడిగారు. "పెద్దాయనే కదా, ఉండనీయండి," అన్నారు వాళ్ళు.

బోర్డు జడ్జి పని చూడ్డానికి చిన్నది. దూకేవాళ్ళు అడుగు వేసి లేచే చెక్కపలకను బోర్డు అంటారు. దాని అవతలి అంచున తడి ఇసుక పలుచగా పరిచి నున్నగా చేస్తారు. కాలివేలు అంచు దాటితే ఇసుక మీద గీత పడుతుంది. గీత లేకపోతే తెల్లజెండా, కొలుస్తారు. గీత పడితే ఎర్రజెండా, ఎంత దూరం దూకినా లెక్కలోకి రాదు. జడ్జి బోర్డు పక్కన పీట వేసుకొని ఆ అంచునే చూడాలి.

ఖమ్మం పట్టణం నుంచి వచ్చిన ఒకమ్మాయి మొదటి నుంచీ ముందుంది. ముత్తమ్మ రెండో స్థానంలో ఉంది. మొదటి మూడు దూకుళ్ళయ్యాక ముందున్న ఎనిమిది మందికి ఇంకా మూడు అవకాశాలిస్తారు. వాటిలో రెండో దూకుడుకు ముత్తమ్మ రన్‌వే చివర నిలబడి ఒకసారి కళ్ళు మూసుకుంది. తర్వాత వచ్చింది చూడండి, అట్లాంటి పరుగు నా సర్వీసులో మళ్ళీ కొద్దిసార్లే చూశాను. లేచింది. గాల్లో కాళ్ళు ముందుకు చాపి ఇసుకలో పడింది. పట్టణం అమ్మాయి గుర్తుకు అవతల, జానెడు దూరంలో. గ్రౌండంతా ఒక్కసారి అరిచింది. మా వంటమనిషి సమ్మక్క కొంగు నడుముకు చుట్టి ఎగిరింది.

నేను బోర్డు వైపు చూశాను. వెంకటరత్నం గారు ఇంకా వంగే ఉన్నారు. అద్దాలు తీసి, తుడిచి, పెట్టుకొని మళ్ళీ వంగారు. లేచి నిలబడి ఎర్రజెండా ఎత్తారు.

రెఫరీ వచ్చి మోకాళ్ళ మీద కూర్చొని ఇసుక చూశారు. గోరంచంత గీత. "ఇది కాలివేలుదేనా? ఖాయమా?" అని అడిగారు.

"ఖాయమండీ. ముందు లేదు, ఈ పిల్ల కాలు పడ్డాకే వచ్చింది."

నాకు అభ్యంతరం చెప్పే హక్కు ఉంది. నోటిమాటగా రెఫరీతో చెబితే విచారిస్తారు. దగ్గరికి పోయి గీత చూశాను. చెప్పడానికి ఏమీ లేదు. వెనక్కి వచ్చాను. ముత్తమ్మ వంటినిండా ఇసుకతో ఆయన ముందుకు వచ్చి నిలబడింది.

"తాతా, నువ్వే ఎత్తినవా?"

పోటీ నడుస్తుంటే దూకేవాళ్ళతో అఫీషియల్ మాట్లాడకూడదు. ఆ సంగతి రెండు సాయంత్రాలు కూర్చోబెట్టి చెప్పింది నేనే. ఆయన చూపు దించి తడి ఇసుకను మళ్ళీ నున్నగా చేశారు.

మిగిలింది ఒక్క అవకాశం. పరుగు మొదలుపెట్టే గుర్తును బెత్తెడు వెనక్కి జరిపించాను. ముత్తమ్మ భయపడి దూకింది. తెల్లజెండా లేచింది. కొలత వచ్చింది. పట్టణం అమ్మాయి కంటే రెండు వేళ్ళు తక్కువ.

తిరుగు బస్సులో వెంకటరత్నం గారు ముందు సీట్లో ఒక్కరే కూర్చున్నారు. మర్నాటి నుంచి పిల్లలు ఆయనను పలకరించడం మానేశారు. వేరుశనగల బస్తా వస్తే సమ్మక్క విప్పలేదు. "మన పిల్ల నోట్ల మన్ను గొట్టిండు. గాయన పల్లీలు మనకెందుకు మేడం?" అన్నది. నాకూ కోపం లేదని చెప్పలేను. గీత ఉన్నమాట నిజమే, అయినా కోపం ఉంది.

ఒక వారం తర్వాత ముత్తమ్మ నన్ను అడగకుండానే మిల్లుకు పోయింది. ఈ సంగతి ఆయనే తర్వాత నాకు చెప్పారు. పోయి అరుగు ముందు నిలబడి, "తాతా, గీత ఎంతుండె?" అని అడిగిందట. ఆయన తన చిటికెనవేలు గోరు చూపించారట.

"అవ్, గట్లయితే తప్పే," అని, "మరి నేనెంత దూరం దుంకిన్నో జూసినవా?" అని అడిగిందట.

"లేదమ్మా. నేను చూడలేదు."

అది నాకు చెబుతూ ఆయన అన్నారు, "ముప్పై ఏళ్ళ నుంచి దేశదేశాల దూకుళ్ళు రేడియోలో విన్నాను, టీవీలో చూశాను మేడం. మన పిల్ల దూకింది మూడు గజాల దూరంలో ఉండి కూడా చూడలేదు. నా కళ్ళు ఆ అంచు మీదే ఉన్నాయి. జనం అరుస్తుంటేనే తెలిసింది బాగా దూకిందని. అప్పటికే గీత చూసేశాను."

ఆ మాటతో నా కోపం పోయింది.

మర్నాటి సాయంత్రం ఆయన కంచె బయట ఆగకుండా లోపలికి వచ్చారు. బోర్డు పక్కన పీట వేసుకున్నారు. ఆ ఏడాదంతా ముత్తమ్మ దూకడం, ఆయన జెండా ఎత్తడం. మొదట్లో ఎర్రజెండాలే ఎక్కువ. ముత్తమ్మ ఒక్కోసారి మట్టి తన్ని పోయేది, మళ్ళీ వచ్చేది. వానలు వెనకబట్టాక ఎర్రజెండా లేవడం అరుదైపోయింది. సమ్మక్క కూడా మెత్తబడి ఆయనకు చాయ్ తెచ్చి ఇచ్చేది.

తర్వాతి ఏడు ముత్తమ్మ జిల్లాలో మొదటి స్థానంలో వచ్చింది. రాష్ట్ర పోటీల్లో ఆరు దూకుళ్ళలో ఒక్కటి కూడా ఫౌల్ కాలేదు. మూడో స్థానం వచ్చింది. ఇంటర్ తర్వాత వ్యాయామ విద్య శిక్షణలో సీటు దొరికింది. ఇప్పుడు ఆమె కూడా పి.ఇ.టి.యే. మా ఆశ్రమ పాఠశాల నుంచి ఆ తర్వాత ఇంకా చాలామంది పోయారు. ముందు దారి వేసింది ఆమె.

వెంకటరత్నం గారు జిల్లా పోటీలకు ఏటా రావడం మొదలుపెట్టారు. ఆయన బోర్డు దగ్గర కూర్చుంటే ఏ బడీ అభ్యంతరం చెప్పేది కాదు. సొంత ఊరి పిల్లకే ఎర్రజెండా ఎత్తిన మనిషని అందరికీ తెలుసు. టీవీ ముందు ఆయన అభిప్రాయాలు మాత్రం ఆగలేదు. బాక్సింగ్ తీర్పుల మీద అయితే గంటలకొద్దీ మాట్లాడేవారు. ఒక్కటే మారింది. "ఆ జడ్జి ఎటువైపు కూర్చున్నాడో మనకు కనపడలేదు గానీ" అని మొదలుపెట్టేవారు.

ఆయనకు నేను చాలా విషయాల్లో రుణపడి ఉన్నాను. ఊక బస్తాలకు, బెల్లానికి, ఏడాదిపాటు పీట మీద ఇచ్చిన సాయంత్రాలకు. అన్నిటికంటే ఎక్కువగా ఆ ఎర్రజెండాకు. అంతకు ముందు నేనూ బోర్డు దగ్గర కూర్చున్నాను, కానీ దూకినవాళ్ళ వెంట నా చూపు కూడా గుంట వైపు పోయేది. చాలామంది అఫీషియల్స్‌కు అదే అలవాటు. తర్వాత సర్వీసంతా కొత్త అఫీషియల్స్‌కు శిక్షణ ఇచ్చినప్పుడు ఈ విషయమే చెప్పాను. బోర్డు జడ్జి పాదం చూడాలి, దూకుడు చూడకూడదు. ఎంత దూరం పడ్డారో చెప్పడానికి గుంట దగ్గర వేరేవాళ్ళుంటారు. దూకుడు చూడాలనుకునేవాళ్ళు వెళ్ళి జనంలో కూర్చోవచ్చు.