కరెంటు లేని ప్లాట్‌ఫారం

దెయ్యాల కబుర్లు మొదలైతే లేచి వెళ్లిపోయే రకం నేను. చీరాలలో నాకు మోటార్ వైండింగ్ షాపు ఉంది. కాలిపోయిన పొలం మోటార్లు విప్పి చుట్టడమే నా బతుకు. నాకు తెలిసినంతలో కరెంటు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. మీటరు చెప్పిందే నమ్ముతాను. అలాంటివాణ్ణి ఇది రాస్తున్నానంటే ముందు మా అక్కే నవ్వుతుంది. నవ్వనీ. ఆ పూట నేనక్కడే ఉన్నాను.

మా బావకి బొమ్మ రైళ్ల పిచ్చి. బొమ్మ అంటే ఊరుకోడు, మోడల్ రైల్వే అనాలి. నేత మానేసి చీరల వ్యాపారంలోకి వచ్చాక, వాళ్ల నాన్నగారు నేసిన గదిలో మగ్గం తీసేసి పెద్ద చెక్కబల్ల వేయించాడు. మగ్గం ముందు కాళ్లు పెట్టుకునే గుంట ఉంటుంది కదా, దాన్ని మాత్రం పూడ్చనివ్వలేదు. బల్ల కింద వైరింగ్ చేసేవాడు అందులో హాయిగా కూర్చోవచ్చన్నాడు. ఆ చేసేవాడు ఎవరో వేరే చెప్పాలా? బామ్మర్దిని నేనుండగా ఇంకెవరు దొరుకుతారు!

రెండేళ్లు పట్టింది. ఆదివారం వస్తే నాకు ఇల్లూ వాకిలీ గుర్తుండేవి కావు. నిజం దూదితో పత్తి చేను పెట్టాం. మిరపకాయలు ఆరబోసిన కల్లం కావాలని బావ అక్క డబ్బాలోంచి కారం ఎత్తుకొచ్చి బల్ల మీద పరిచాడు. ఆ రోజు తెలియక ఫ్యాన్ వేశాను, ముగ్గురం సాయంత్రం దాకా తుమ్ముతూనే ఉన్నాం. చేలోని దూది ఇంజను గేర్లకి చుట్టుకునేది, పిన్నీసుతో లాగేవాళ్లం. అక్క తిట్టేది. మేం నవ్వేవాళ్లం. అంత సంతోషంగా నేనెప్పుడూ లేను.

వైరింగ్ సంగతి కాస్త చెప్పాలి. పట్టాలని ముక్కలుగా విడగొట్టి, ముక్కకీ ముక్కకీ మధ్య కరెంటు దాటకుండా ప్లాస్టిక్ జాయింటు పెడతారు. ఒక్కో ముక్కకీ కింది నుంచి రెండు వైర్లు ఇస్తారు. వైర్లు ఇవ్వని ముక్కలోకి ఇంజను వస్తే అక్కడే ఆగిపోతుంది. అతుకు పూర్తయిన వైరుకి బావ నూలు దారం కట్టించేవాడు. ఒక పట్టాకి ఒక ముడి, రెండో పట్టాకి రెండు ముళ్లు. ఎందుకంటే రంగులు ఆయనకి సరిగ్గా కనపడేవి కావు, వేళ్లతో తడిమి చూసుకునేవాడు. పని అయ్యాకే దారం కట్టాలని ఆయన పెట్టిన రూలు.

బావ కళ్లలో ప్రెషర్. ఒక కన్ను అప్పటికే పోయింది. రెండో కంటికి సోమవారం గుంటూరులో ఆపరేషన్. చూపు నిలుస్తుందని మాటివ్వలేనని డాక్టరు ముందే చెప్పాడు. బావ కోరిక ఒక్కటే.

"బండి మన ప్లాట్‌ఫారం మీద ఆగడం ఈ కంటితో చూడాలిరా. నేనే ఆపాలి. తర్వాత ఏమైనా కానీ."

మిగిలింది ఆ ప్లాట్‌ఫారం ముక్క ఒక్కటే. శనివారం గుంటలో కూర్చున్నాను. వైర్లకి అతుకులు వేసే సోల్డరింగ్ ఐరన్ వేడెక్కేలోపు ఊరికే ఉండటమెందుకని ముందే దారాలు కట్టేశాను. ఇంతలో పర్చూరు వైపు నుంచి ఒక రైతు ఫోను, మోటారు కాలిపోయింది, మిరప చేను ఎండిపోతోందని. ఐరన్ ప్లగ్గు పీకేసి పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి ఆ పని అయిపోయిందనే నా బుర్రలో ఉండిపోయింది.

ఆదివారం పొద్దున బావ బల్ల కిందికి చెయ్యి పెట్టి ముళ్లు తడుముకున్నాడు.

"రెండూ ఉన్నాయి. ఏరా, ఊడిపోదుగా?"

"నా సోల్డరింగ్ ఊడితే షాపు మూసేస్తా బావా!"

అక్క ఫోన్‌లో వీడియో మొదలుపెట్టింది. బావ బండి వేగం మార్చే కంట్రోలర్ నాబ్ తిప్పాడు. ఇంజను, వెనక మూడు పెట్టెలు కదిలాయి. కొండ చుట్టూ తిరిగి, పత్తి చేను దాటి, గేటు దాటి వచ్చేసింది. ప్లాట్‌ఫారం రాగానే బావ నాబ్ మెల్లగా తగ్గించాడు. ఇంజను సగం ప్లాట్‌ఫారం దాటి, సరిగ్గా స్టేషన్ పేరు బోర్డు పక్కన ఆగింది. బావ పైకే పది లెక్కపెట్టి మళ్లీ తిప్పాడు. బండి కదిలింది! రౌండు మొత్తం పూర్తిచేసి మొదలుపెట్టిన చోటికి వచ్చింది.

"ఆగిందిరా! నేనాపితే ఆగింది, పొమ్మంటే పోయింది!" అని బావ నన్ను వాటేసుకుని ఏడ్చేశాడు. అక్క చప్పట్లు కొట్టబోయి ఫోను కింద పడేసింది. నేను గెంతిన గెంతుకి బల్ల మీద చెట్లు రెండు పడిపోయాయి.

వాళ్లు భోజనానికి వెళ్లారు. ఐరన్ తీసుకుందామని గుంటలోకి దిగాను.

ప్లాట్‌ఫారం వైర్లు రెండూ గాల్లో వేలాడుతున్నాయి. తొడుగు ఒలిచిన కొనలు ఒలిచినట్టే ఉన్నాయి. కంట్రోలర్ నుంచి వచ్చే మెయిన్ వైరుకీ వాటికీ మధ్య బెత్తెడు దూరం. నేను కట్టిన దారాలు మాత్రం భద్రంగా ఉన్నాయి.

మీటరు పెట్టాను, సున్నా. ప్లాస్టిక్ జాయింట్లు చూశాను, సరిగ్గా ఉన్నాయి. బండి నడిపి చూశాను. జాయింటు దగ్గరకొచ్చి టక్కున ఆగిపోయింది. ఇంజనుని చేత్తో లోపలికి తోసి నాబ్ మొత్తం తిప్పాను, కదల్లేదు. ఆరుసార్లు చేశాను, ఆరుసార్లూ అంతే. వచ్చిన ఊపుతో దాటిందనుకుందామంటే మధ్యలో ఆగిన బండికి ఊపెక్కడిది? పది అంకెలు లెక్కపెట్టాక ఎలా కదిలింది?

అప్పుడే వసారాలోంచి బావ కేక.

"తినేసి వస్తున్నా, ఇంకోసారి తిప్పుదాంరా!"

ఇంకోసారి తిప్పితే ఆగిపోతుంది. ఆ ఆగిపోవడం చూసి ఆయన ఆపరేషన్‌కి వెళ్లాలి. ఇంకేమీ ఆలోచించలేదు. ఐరన్ ప్లగ్గు పెట్టి, అది వేడెక్కగానే రెండు అతుకులూ వేసేశాను. సాక్ష్యం నా చేతులతోనే చెరిపేశానని తెలుసు. బావ వచ్చి మూడు రౌండ్లు తిప్పాడు. అవన్నీ నడవాల్సినట్టే నడిచాయి.

ఆపరేషన్ తర్వాత వెలుగూ నీడా తప్ప ఏమీ మిగల్లేదు. అయినా బావ ఆదివారం మానలేదు. ఇప్పుడు చప్పుడు విని నడుపుతాడు, బోర్డు దగ్గరే ఆపుతాడు. తను ఆఖరుగా తేటగా చూసింది ఆ మొదటి బండినేనని వచ్చినవాళ్లందరికీ చెబుతాడు. చెప్పి, నా భుజం తడిమి, "మావాడి సోల్డరింగ్ రా అది" అంటాడు. ఆ మాట అన్నప్పుడల్లా నాకు తల ఎత్తబుద్ధి కాదు.

వీడియో అక్క ఫోన్‌లో ఇంకా ఉంది. ఎన్నిసార్లు చూసినా బండి ఆగుతుంది, కదులుతుంది. నాకు తెలిసిన కరెంటుతో దాని లెక్క తేల్చలేకపోయాను.

ఇది అక్క బావకి చదివి వినిపిస్తుంది. అందుకే రాశాను, ఎదురుగా చెప్పే ధైర్యం లేక. బావా, ఆ మొదటి రౌండుకి ప్లాట్‌ఫారానికి నేను కరెంటు ఇవ్వలేదు. ఎవరిచ్చారో నాకు తెలియదు.