మేనమామ తెచ్చిన పెట్టె

ఫొటోలు తీయడం మొదలుపెట్టాక నాకు ఎక్కువగా ఎదురైన ప్రశ్న, "ఎవులు పోయినారు బాబూ?" అనేదే. పలాస పక్కనున్న ఉద్దానంలో ఏ ఊరి మొగలో నా సైకిలు కనబడినా ఎవరో ఒకరు ఆ మాట అడిగేవారు. వాళ్ళని తప్పు పట్టలేను. బతికుండగా ఫొటో తీస్తే ఆయుష్షు తరిగిపోతుందని ఆ ఊళ్ళలో గట్టి నమ్మకం. పోయినవాళ్ళకి తరగడానికేమీ ఉండదు కనుక అప్పుడు నాకు కబురొచ్చేది.

పలాసలో స్టేషనుకి దగ్గర్లో నా స్టూడియో. పైకప్పులో వెలుతురు కోసం గాజు పెంకులు, గోడకి కొలనూ హంసలూ బొమ్మ వేసిన తెర, వచ్చినవాళ్ళు తొడుక్కోవడానికి కొక్కేనికి ఒక నల్ల కోటు. ఆ కోటుకి పనే ఉండేది కాదు. ఎప్పుడో ఒక రైల్వే గుమాస్తా, ఎప్పుడో కొత్తగా పెళ్ళయిన మేష్టారు. వాళ్ళని నమ్ముకుంటే మా పొయ్యిలో పిల్లి లేచేది కాదు. పొయ్యి వెలిగించింది ఉద్దానం శవాలే. ఇలా రాస్తూంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

పోయిన మనిషికి స్నానం చేయించి, కొత్త పంచె కట్టి, వాకిట్లో కుర్చీలో కూర్చోబెట్టేవారు. పక్కన నిలబడమంటే కొడుకులు కూడా ఒప్పుకునేవారు కాదు. ఎక్కడ తమ మీద కూడా ఆ అద్దం చూపు పడుతుందోనని గోడ వారకి తప్పుకునేవారు. నేను నల్ల గుడ్డ కప్పుకుని నా పని చూసుకుని వచ్చేసేవాణ్ణి. ఆ ఫొటో అద్దం కట్టించి నట్టింట్లో వేలాడదీసి దండ వేసేవారు. నేను టెక్కలిలో మా ఇల్లు చేరేసరికి అమ్మ గుమ్మం బయటే నా నెత్తిన నీళ్ళు కుమ్మరించేది. అక్కడే బడిపంతులు ఉద్యోగం చేసే నాన్నని ఎవరైనా మీవాడు ఏం చేస్తున్నాడని అడిగితే, పలాసలో ఉన్నాడని చెప్పి మాట మార్చేసేవాడు. నా ఎదుటే అలా రెండు మూడుసార్లు మార్చాడు. నాకు కోపం రాలేదు. నేనైనా అదే చేద్దును.

మా చెల్లెల్ని పూండి అవతల కొబ్బరితోటలున్న రైతు కుటుంబంలో ఇచ్చాం. పురిటికొచ్చి, పిల్లాడితో అత్తారింటికి వెళ్ళేటప్పుడు అమ్మ వినకుండా నా చెవిలో అడిగింది, వాడి అన్నప్రాసన నాడు ఒక ఫొటో తీయమని. మేనమామగా ఎలాగూ వెళ్ళాలి. ఉద్దానంలో బతికున్న మనిషిని తీయమని అడిగిన మొదటి మనిషి నా చెల్లెలు. ఆ సంబరంలో నాకు కళ్ళు నెత్తికెక్కాయి. చెల్లెలి మావగారు జ్వరంతో మంచాన పడి ఉన్నాడని తెలిసి కూడా, పాయసం గిన్నెతో పాటు కెమెరా పెట్టెనీ సైకిలుకి కట్టుకుని బయలుదేరాను.

ఆ ఊరి దారంతా ఇసక. సైకిలు తొక్కడానికి ఉండదు, నెట్టుకుంటూ పోవాలి. అందువల్ల నన్ను ఊరంతా తీరిగ్గా చూసింది. నూతి దగ్గర ఆడవాళ్ళు చేదతాడు వదిలేసి నిలబడ్డారు. ఆ రోజు ఒక్కరూ నన్ను ఏమీ అడగలేదు. జబ్బు మనిషి ఏ ఇంట్లో ఉన్నాడో వాళ్ళకి తెలుసు.

నేను వాకిట్లో సైకిలు ఆపి పెట్టె దించేసరికి జనం పోగయ్యారు. మగవాళ్ళు తలపాగాలు తీసేశారు. పక్కింటి నుంచి చెల్లెలి మావగారి తోబుట్టువు జుట్టు విరబోసుకుని పరిగెత్తుకొచ్చి, స్తంభం పట్టుకుని, అన్నా ఎల్లిపోనావా అంటూ శోకాలు మొదలుపెట్టింది. అరుగు మీది మంచంలోంచి ఆ అన్న తల ఎత్తాడు.

"నానింకా ఉన్నానే. ఎవులి కోసం ఏడుత్తన్నావు?" అన్నాడు.

ఇంకెక్కడైనా అయితే నవ్వులాటగా పోయేది. ఎవరూ నవ్వలేదు. చెల్లెలి అత్తగారు గుమ్మంలోకి వచ్చి, పెట్టెతో నన్ను ఎవరు రమ్మన్నారని అడిగింది. అడిగింది నన్నే గానీ చూసింది కోడలి వైపు. ఎవరూ రమ్మనలేదు, నాకే బుద్ధి పుట్టి తెచ్చానన్నాను. ఆవిడ నమ్మలేదు. మనిషి బతికుండగానే పుట్టింటివాళ్ళ చేత శవాల పెట్టె తెప్పించిందని అందరూ వినేలా అంది. బావ తల వంచుకున్నాడు. చెల్లెలు పిల్లాణ్ణి చంకనేసుకుని నేల చూపులు చూస్తోంది. పెద్దాయనకి ఆ నెలలో ఏమైనా అయితే, నా చెల్లెలు ఆ ఇంట్లో బతికినన్నాళ్ళూ ఆ మాట పడాలి. నాకు తల కొట్టేసినట్టయింది. ఇరవై ఇళ్ళ జనం ముందు పెట్టెని మళ్ళీ సైకిలుకి కట్టడం మొదలుపెట్టాను. తొందరలో తాడు ముడి పడలేదు.

"ఎల్లిపోతన్నావేటి అల్లుడా?" అన్నాడు పెద్దాయన. తర్వాత జనం వైపు తిరిగి గొంతు పెంచాడు. "నానే రమ్మన్నాను ఈ బాబుని. సచ్చిపోనాక తీత్తే నాకేటి తెలుత్తాది? ఉన్నప్పుడే సూసుకుందామని రమ్మన్నాను."

ఆయన నాకు ఏ కబురూ పంపలేదు. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకి తెలుసు, చెల్లెలికి తెలుసు. అత్తగారు లబోదిబోమంది. ఆయన వినిపించుకోకుండా ఉతికిన పంచె తెమ్మన్నాడు. బావ ఆయన్ని ఎత్తుకొచ్చి వాకిట్లో కుర్చీలో కూర్చోబెట్టాడు. నడుముకి తువ్వాలు కట్టమని ఆయనే అడిగాడు. పోయినవాళ్ళు ఒరిగిపోకుండా కుర్చీకి కట్టినట్టే బావ కట్టాడు. నేను పెట్టె విప్పి కెమెరా నిలబెట్టాను.

నల్ల గుడ్డలో తల దూర్చి చూశాను. కెమెరా వెనక అద్దంలో మనిషి తలకిందులుగా కనిపిస్తాడు. ఆయన మెడ నిటారుగా పెట్టుకుని, చేతులు తొడల మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఉన్నాడు. కొంచెం సేపు ఆగాను. తెరవలేదు. గుడ్డ విసిరేసి, మావా మావా అంటూ పరిగెత్తాను.

ఆయన కళ్ళు విప్పాడు. "ఏటి, అయిపోనాదా?"

కాలేదు మావా, కళ్ళు తెరిచి కూర్చోవాలి అన్నాను.

ఆయన ఆశ్చర్యంగా నా మొహంలోకి చూశాడు. "తెరవొచ్చేటి? మా అన్న పొటో సూసినాను, మా బావ పొటో సూసినాను. నువ్వు తీసినోల్లందరూ మూసుకునే ఉన్నారు గదా."

ఆయన కాళ్ళ దగ్గర ఇసకలో కూలబడి నడుముకున్న తువ్వాలు ముడి విప్పుతూ, తల ఎత్తకుండా, "తెరవొచ్చు మావా" అన్నాను.